ఆ దిగుడులో సిస్టర్ ఎక్సలేటర్ తొక్కలేదు

కామారెడ్డిలో నేను చాలా ఏళ్లు కారు నేర్పాను. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లందరికీ మొదటి రోజే ఒక కథ చెప్పేవాణ్ణి. ఎల్లారెడ్డి రోడ్డులో అడవి దిగుడు దగ్గర ఒక నర్సు బ్రేకు అనుకొని ఎక్సలేటర్ తొక్కిందని, వెనక సీట్లో ఉన్న అత్త తుంటి విరిగిందని. "మీరు సిస్టర్ కేసు కావద్దు" అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వు ఆగాక స్టీరింగ్ మీద చేతులు బిగుసుకునేవి. భయపడ్డ మనిషి చెప్పినట్టు వింటుంది. అందుకే ఆ కథ నాకు పనికొచ్చేది.

ఆ కథ అబద్ధం. ఆ నర్సు పేరు సుజాత. ఆమె తొక్కింది బ్రేకే. తొక్కుతూనే ఉంది, అది పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఆ రోజు నాకు సగం తెలుసు, కొన్నాళ్లకు మొత్తం తెలిసింది. తెలిశాక కూడా కథ మార్చలేదు. నా తర్వాత వచ్చిన కోచ్‌లు కూడా అదే కథ చెబుతున్నారని విన్నాను.

షుగర్ కళ్లలోకి రావడంతో నేను యాభై దాటిన కొద్దిరోజులకే ఈ పని వదిలేశాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కారు నేర్పే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం. లైసెన్సుల సంగతి, ఆఫీసు చుట్టూ తిరగడం, ఏ టెస్టులో ఏం అడుగుతారు, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను రాసేది ఎవరూ చెప్పరు.

తెల్వదు అనకు

నేను బండి నేర్చుకున్నది లారీ మీద. క్లీనర్‌గా ఎక్కాను. డ్రైవర్‌ను ఉస్తాద్ అనేవాళ్లం, ఆయన పక్కకు ఒరిగి పడుకుంటే స్టీరింగ్ పట్టేవాణ్ణి. ఆయనకు ఉన్న ధ్యాస ఒక్కటే, డీజిల్ మిగలాలి. డౌన్ కనబడిందంటే గేరు తీసి న్యూట్రల్ కొట్టేవాడు. "దేవుడే ఎనక నుంచి నూకుతుండు, మనమెందుకురా నూనె కాలవెట్టాలె?" అనేవాడు. జాగ్రత్త గల పాత డ్రైవర్లు ఏ గేరులో గుట్ట ఎక్కారో అదే గేరులో దిగేవాళ్లు. మా ఉస్తాద్ వాళ్లను చూసి నవ్వేవాడు. ఆయనతో కలిసి నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఓనర్ రాజలింగం సార్ చెడ్డవాడు కాదు. ఇంట్లో ఆపద వస్తే అడగకముందే సెలవిచ్చే మనిషి. కానీ నేను చేరిన రోజు ఆయన ఒక మాట చెప్పాడు.

"శంకర్, కస్టమర్ ఏమడిగినా తెల్వదు అనకు. తెల్వదు అన్నవంటే మన బోర్డు మనమే దింపుకున్నట్టు."

నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. ఈ పనిలో నేను చూసిన చెడు అలవాట్లలో అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. నేర్చుకునేవాళ్లు అతివేగంగా పోతే పక్కన కోచ్‌కు ఇంకో బ్రేకు ఉంటుంది. కోచ్ తప్పు చెబితే ఆపడానికి ఏ బ్రేకూ లేదు. ఆ తప్పు వాళ్లతో పాటు ఇంటికి పోతుంది, మనం లేని రోడ్డు మీద బయటపడుతుంది.

మా ప్రాంతానికి ఆటోమేటిక్ కార్లు హైదరాబాద్ నుంచి వచ్చాయి, అవీ సెకండ్ హ్యాండ్‌వి. వాటి గురించి నాకు ఉన్న చదువు ఒక్క మధ్యాహ్నం. ఒక కస్టమర్ కారు తీసుకొని బైపాస్ మీద తిరిగి వచ్చాను. క్లచ్ లేదు, గేర్లు అవే మారతాయి. ఇంతే కదా అనుకున్నాను.

నిజానికి నాకు వచ్చిన చిక్కంతా నేర్చుకునేవాళ్ల ఎడమ కాలితోనే. మహమ్మద్‌నగర్ నుంచి ఒక పటేల్ వచ్చేవాడు, బాగా భూమి ఉన్న మనిషి, ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపినవాడు. ఆయన ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడేది. కారు గక్కున ఆగేది. తల అద్దానికి తగలబోయేది.

"ఏందిరా శంకర్, గీ బండి నన్ను నమాజు చేయిస్తుంది!" అని ఆయన అరిచేవాడు.

అప్పటి నుంచి నేను ఆటోమేటిక్ నేర్చుకునేవాళ్లందరితో ఎడమ కాలి చెప్పు విప్పించేవాణ్ణి. ఉత్త కాలికి మ్యాట్ తగులుతుంటే, ఈ కాలికి ఇక్కడ పని లేదని గుర్తుంటుంది. ఈ ఉపాయం మంచిదే, మీరూ వాడండి. కానీ ఒక చిన్న ఉపాయం పనిచేస్తే మనకు అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది.

నారింజ రంగు దీపం

సుజాత ఎల్లారెడ్డిలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇల్లు కామారెడ్డిలో. డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. మధ్యాహ్నం డ్యూటీ దిగేసరికి బస్సులు ఉండవు. భర్త ప్రభాకర్‌కు ఫిట్స్ జబ్బు, ఆయన స్టీరింగ్ పట్టకూడదని డాక్టర్లు చెప్పారు. అందుకని కారు ఆమె నేర్చుకోవలసి వచ్చింది. అత్త ఎస్తేరమ్మకు ఇది మొదటి నుంచీ గిట్టలేదు. "మొగోడు పక్కన కూసుంటే ఆడిది నడుపుతదా? సూసేటోళ్లు ఏమంటరు?" అనేదట. సుజాత నవ్వుతూ నాతో చెప్పేది, "మా అత్తమ్మ దీవెన తోటే నేర్చుకుంటున్న అన్నా" అని.

మంచి చెయ్యి ఆమెది. తొందరపడేది కాదు. అద్దం చూడమని రెండోసారి చెప్పవలసిన పని లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇంత నిదానంగా బ్రేకు వేసేవాళ్లు తక్కువ. ఈ మాట ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

వాళ్లు కొన్నది పాత రకం ఆటోమేటిక్, దాని మీదే నేర్పాను. గేర్ లివర్ పక్కన, బొటనవేలు తగిలేచోట, ఒక చిన్న బటన్ ఉండేది. దాని మీద ఓ, డి అని రెండు అక్షరాలు. ఆ బటన్ నొక్కితే మీటర్ల మధ్య నారింజ రంగు దీపం వెలిగేది, అందులో 'ఆఫ్' అని కనిపించేది. సుజాత వేలు అప్పుడప్పుడు తెలియకుండా దాని మీద పడేది. దీపం వెలిగేది. ఇంజిన్ చప్పుడు పెరిగేది.

"అన్నా, ఇదేంది?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆఫ్ అని దీపం వెలిగిందంటే ఏదో చెడిందనే అనుకున్నాను.

"అది వెలగొద్దు సిస్టర్. వెలిగిందంటే గేర్‌బాక్స్‌కు తకలీఫ్. మల్ల నొక్కి ఆర్పెయ్యాలె" అన్నాను. గొంతులో ఎక్కడా అనుమానం లేకుండా అన్నాను.

నేర్పడం అయిపోయి కారు ఇంటికి పోయిన తర్వాత ప్రభాకర్ స్కూల్‌కు వచ్చాడు. మన దగ్గర కారు కొన్నవాణ్ణి అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే, లీటరుకు ఎంత ఇస్తుంది అని. ఆయన ఆఫీసులో కూడా అదే అడిగారు. చెప్పడానికి సిగ్గుగా ఉందట. "రోజూ ఆ దీపం ఎలుగుతనే ఉంటది సార్. పెట్రోల్ తాగుతుంది. మీరేం నేర్పిండ్రు?" అని రాజలింగం సార్ ముందే నన్ను అడిగాడు.

సార్ నా వైపు చూశాడు. "శంకర్, జెర ఆ సంగతి సూడు."

నేను వాళ్ల ఇంటికి పోయి, దీపం ఆరిపోయేలా బటన్ నొక్కి, కరెంటు పనికి వాడే నల్ల టేపు తెచ్చి, బటన్ మీద నుంచి లివర్ చుట్టూ గట్టిగా చుట్టాను. ఇక వేలు తగిలినా నొక్కుకోదు. "అయిపోయింది సిస్టర్, ఇగ పరేషాన్ లేదు" అన్నాను. ఆమె చాయ్ ఇచ్చింది. తాగి వచ్చాను.

అప్పుడు తెలియనిది ఇప్పుడు చెబుతాను. ఆ ఓ, డి అంటే ఓవర్‌డ్రైవ్, ఆ గేర్‌బాక్స్‌లో అన్నిటికంటే పై గేరు. అందులో ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది, చక్రాలు వేగంగా తిరుగుతాయి. చదునైన రోడ్డు మీద, ఒకే వేగంతో పోతున్నప్పుడు పెట్రోల్ మిగులుతుంది, చప్పుడు తగ్గుతుంది. దీపం ఆరి ఉందంటే ఓవర్‌డ్రైవ్ పనిచేస్తున్నట్టు. దీపం నిలకడగా వెలిగి ఉందంటే ఆ పై గేరు వద్దని మనం చెప్పినట్టు. ఏదీ చెడిపోలేదు. దీపం దానంతట అదే మినుకు మినుకుమంటే మాత్రం గేర్‌బాక్స్‌లో ఏదో తేడా ఉన్నట్టు, అప్పుడు వర్క్‌షాప్‌కు పోవాలి. ఈ నాలుగు ముక్కలు తెలుసుకోవడానికి ఎవరినైనా అడిగితే సరిపోయేది. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. అందుకే అడగలేదు.

అడవి దిగుడు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తోవలో అడవి వస్తుంది. అక్కడ రోడ్డు మలుపులు తిరుగుతూ దిగుతుంది. ఘాట్ రోడ్డు అనేంత పెద్దది కాదు. ఖాళీ కారుకు అదొక లెక్కే కాదు. సుజాత రోజూ ఒక్కతే దిగేది, ఏమీ కాలేదు. నేను ఆమెకు చెప్పిన మాట ఒకటే: "డౌన్‌ల బ్రేకు మీదికెల్లి కాలు తియ్యకు సిస్టర్, బండి నీ చేతిల ఉంటది."

ఆ రోజు కారు నిండా మనుషులు. ప్రభాకర్ ముందు సీట్లో, ఎస్తేరమ్మ, ఇద్దరు చుట్టాలు వెనక. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, వంట గిన్నెలు. ఎల్లారెడ్డిలో ఉన్న ఆడబిడ్డ ఇంట్లో ప్రార్థన కూటం, దానికి పోతున్నారు. మొదటి మలుపు నుంచీ సుజాత కాలు బ్రేకు మీదే ఉంది, నేను చెప్పినట్టు. కారు పై గేరులో ఉంది, నేను కట్టేసినట్టు. ఆ గేరులో ఇంజిన్ బండిని పట్టి ఉంచలేదు. బరువంతా బ్రేకుల మీద పడింది. బ్రేకులు కాలాయి. ఏదో మాడిన వాసన వస్తోందని ఎస్తేరమ్మ అంటే, బయట ఎవరో చెత్త కాలబెట్టారని ప్రభాకర్ అన్నాడట.

కింది మలుపు తిరగగానే ముందు చెరుకు ట్రాక్టర్ ఉంది, రెండు ట్రాలీల నిండా లోడు. మనిషి నడిచినంత మెల్లగా పోతోంది. సుజాత బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా కిందికి పోయింది. కారు ఆగలేదు.

ఆమెకు ఉన్నది కొన్ని క్షణాలు. ఎదురుగా బస్సు వస్తోంది, కుడి పక్కకు పోలేదు. ఆమె లివర్ పట్టుకొని కిందికి, రెండు అంకె ఉన్న కింది గేరు మీదికి లాగింది. ఇది ఆమెకు నేను నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు. గేరు పడగానే ఇంజిన్ గట్టిగా అరిచింది, కారు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు తగ్గింది. తగ్గిన ఆ కాస్త వేగంతోనే ఆమె ఎడమకు తిప్పి, ట్రాలీని తప్పించి, రోడ్డు పక్కన మట్టి గట్టుకు కొట్టింది.

నాకు ఫోన్ చేసింది ప్రభాకర్. నేను స్కూల్ జీపు వేసుకొని పోయేసరికి ఎస్తేరమ్మను అంబులెన్సులో ఎక్కిస్తున్నారు. సుజాత గట్టు మీద కూర్చొని ఉంది. నుదుటి మీద రక్తం తుడుచుకోలేదు. నన్ను చూడగానే, "అన్నా, బ్రేకు పట్టలె. సచ్చినా పట్టలె" అంది.

ట్రాక్టర్ డ్రైవర్ గాంధారి దిక్కు మనిషి. చుట్టూ చేరినవాళ్లకు చెబుతున్నాడు. "నా ఎనకనే ఒక్కసారి ఇంజిన్ మొత్తుకుంది. గంత రేజ్! నేను నా మీదికే ఎక్కిందనుకున్న."

"బ్రేకు అనుకొని ఎక్సలేటర్ తొక్కినట్టుంది" అన్నారు ఎవరో.

అందరూ నా వైపు చూశారు. కారు నేర్పినవాణ్ణి నేనే కదా.

నేను ముందు కారులోకి వంగి చూశాను. లివర్ రెండు మీద ఉంది. దాని మీద నా నల్ల టేపు ఉంది. చక్రం దగ్గర నుంచి ఇంకా వేడి, మాడు వాసన వస్తున్నాయి. ఇరవై ఏళ్లు లారీలు, జీపులు నడిపినవాణ్ణి. కింది గేరు పడితే ఇంజిన్ ఎలా అరుస్తుందో నాకు తెలుసు. ఆ చప్పుడు ఎక్సలేటర్‌ది కాదని అక్కడున్న వాళ్లలో నాకు ఒక్కడికే తెలుసు.

కారు లాగడానికి లివర్ న్యూట్రల్‌కు తేవాలి. తెచ్చాను. అది చేయవలసిన పనే. కానీ దానితో పాటు టేపు కూడా విప్పి, ఉండ చేసి, జేబులో వేసుకున్నాను. అది చేయవలసిన పని కాదు.

బయటికి వచ్చాక ప్రభాకర్ అడిగాడు, "ఏమైంది శంకరన్నా?"

"కొత్త చెయ్యి కద" అన్నాను. "గాబరాల కాలు తప్పుతది. అందరికీ అయితది."

ఎక్సలేటర్ అనే మాట నా నోటి నుంచి ఆ పూట రాలేదు. రానక్కర లేకపోయింది. సుజాత నా మొహం వైపే చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేదు.

మరునాడు మెకానిక్ బ్రేకు తొక్కి చూశాడు. "రాయి లెక్క ఉంది కద, దీనికేం రోగం?" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కాలిపోయి పట్టు వదిలిన బ్రేకు చల్లారాక మళ్లీ పడుతుంది. ఆ మాటతో సుజాత నోరు మూతపడింది. ప్రభాకర్ కారు అమ్మేశాడు. ఎస్తేరమ్మ కర్ర పట్టుకొని నడవడం మొదలుపెట్టింది. సుజాత డ్యూటీ మార్చుకొని, మధ్యాహ్నం డ్యూటీకి వచ్చే అలవెన్సు వదులుకొని, బస్సులో పోసాగింది.

ప్రమాదం జరిగిన రోజు సాయంత్రమే రాజలింగం సార్‌కు టేపు సంగతి చెప్పాను. "ఇంకెవరికన్న చెప్పినవా?" అన్నాడు. లేదన్నాను. "ఇగ చెప్పకు" అన్నాడు. ఆయన చెప్పాడు కాబట్టి నేను ఊరుకున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆయన ఆ మాట అనాలనే నేను ఆయన దగ్గరికి పోయాను.

అదే దిగుడు, ఇంకో కారు

కొన్ని నెలల తర్వాత ఎల్లారెడ్డి వ్యాపారి ఒకాయన అలాంటి కారే కొన్నాడు. దాన్ని ఆయన ఇంటికి చేర్చే పని నాకు పడింది. టేపు విప్పిన రోజు నుంచీ ఆ బటన్ మీద నాకు అనుమానం ఉంది, అడవి దిగుడు మొదలయ్యేచోట అది నొక్కి చూడాలనుకున్నాను. కారులో ఒక్కణ్ణే ఉన్నాను. బటన్ నొక్కాను. దీపం వెలిగింది. ఇంజిన్ చప్పుడు కొంచెం పెరిగింది, కారు ఒళ్లు బిగించుకున్నట్టు నెమ్మదించింది. మధ్యలో, నిటారుగా దిగేచోట, వేగం తగ్గించుకొని లివర్ రెండు మీదికి తెచ్చాను. బ్రేకు మీద కాలు పెట్టే అవసరం దాదాపు రాలేదు. మట్టి గట్టు దగ్గర కారు ఆపాను. గట్టు మీద దెబ్బ గుర్తు ఇంకా ఉంది.

ఒక్క బటన్ నొక్కితే అంతా ఆగిపోయేదని అనను. ఆ రోజు బరువు ఎక్కువ, బ్రేకు ఆయిల్ పాతది. కానీ దిగుడు మొదట్లోనే పై గేరు తీసేసి ఉంటే బ్రేకులు అంత కాలేవి కావు. ఆ తోవ మూసింది నేను.

కొత్త కోచ్‌లు ఇది గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్ పోయే నాలుగు లైన్ల రోడ్డు మీద ఓవర్‌డ్రైవ్ ఉండనివ్వండి, అది అక్కడి కోసమే ఉంది. గుట్ట ఎక్కుతుంటే గేరు పైకీ కిందికీ ఊగులాడుతుందా, తీసేయండి. నిండు బరువుతో ఎక్కుతున్నా తీసేయండి. ఒక బండిని దాటడానికి ఊపు కావాలంటే తీసి, దాటాక మళ్లీ పెట్టండి. దిగుడు ఉంటే, దిగుడు మొదలయ్యే ముందే తీసేయండి. సగం దిగాక గుర్తు రావడం ఆలస్యం. ఇంకా కింది గేరు కావాలంటే ముందు బ్రేకుతో వేగం తగ్గించి, ఆ తర్వాత లివర్ దించండి. బ్రేకు గట్టిగా తొక్కి వదలండి, మళ్లీ తొక్కి వదలండి. దాని మీద కాలు ఆనించి కూర్చోవద్దు. న్యూట్రల్ ఎప్పుడూ వద్దు. ఇప్పటి కార్లలో ఈ బటన్ చాలావాటికి లేదు. ఎస్ అనో, ఎల్ అనో, ప్లస్ మైనస్ అనో ఉంటుంది. పేరు ఏదైనా పని ఒకటే, దిగుడులో ఇంజిన్ చేత బండిని పట్టించడం. మీకు తెలియని గుర్తు కనబడితే, నేర్చుకునేవాళ్ల ముందే "నాకు తెల్వదు, కనుక్కొని చెప్త" అనండి.

ఇంత తెలిసిన తర్వాత కూడా నేను సుజాత ఇంటికి పోలేదు. దిగుడులో పై గేరు తీయమని ప్రతి బ్యాచ్‌కూ నేర్పాను. అదే నోటితో సిస్టర్ కేసు కూడా చెప్పాను. నేర్పేది సరిగ్గా నేర్పుతున్నాను కదా, పాతది తవ్వడం ఎందుకు అనుకున్నాను.

డ్రెస్సింగ్

పని మానేశాక మేము ఎల్లారెడ్డి పక్కన మా అత్తగారి ఊళ్లో ఉంటున్నాం. ఈమధ్య కాలికి పుండు పడింది, షుగర్ పుండు. డ్రెస్సింగ్ కోసం ఆసుపత్రికి పోతే గాజుగుడ్డ పట్టుకొని ఎదురుగా సుజాత. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"కూసోండ్రి అన్నా. షుగర్ ఎంతుంది? తినుడు కంట్రోల్ లేదు గదా?"

నేను ఆమె కారు సంగతి ఎత్తలేదు. ఆమే ఎత్తింది, పుండు కడుగుతూ.

"మీరు మంచిగనే నేర్పిండ్రు అన్నా. నాకే రాలె. అప్పుడైతే బ్రేకే తొక్కిన అని కొట్లాడిన గని, ఇప్పుడు అనిపిస్తది, ఎక్సలేటరే తొక్కిన కావచ్చు. అందరికి ఇనపడ్డదట కద సప్పుడు. నా కాలు సంగతి నాకే తెల్వకపాయె."

ఊరంతా నమ్మితే నమ్మింది. ఆమె కూడా నమ్మింది. ఆ గట్టు మీద కూర్చొని నా వైపు చూసినప్పుడు ఆమెకు తన కాలు సంగతి ఖాయంగా తెలుసు. ఇన్నేళ్లలో నా కథ ఆ ఖాయాన్ని కూడా తీసుకుపోయింది.

ఆదివారం కామారెడ్డి పోయాను. వాళ్లు చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసి ఉన్నారు. ఎస్తేరమ్మ మంచం మీద, కర్ర పక్కన. ప్రభాకర్ కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. టేపు దగ్గర మొదలుపెట్టి, లివర్ రెండు మీద ఉండటం, నేను మార్చడం, టేపు జేబులో వేసుకోవడం, క్లాసులో ఆమె మీద చెప్పిన కథ, అన్నీ చెప్పాను.

మొదట అడిగింది ఎస్తేరమ్మ. "మరి ఆ సప్పుడు ఏంది?"

"అది నీ కోడలు గేరు దించిన సప్పుడు అవ్వా. ఆ గేరు పడకపోతే ట్రాలీ కిందికే పోయేటోళ్లు. నువ్వు బతికింది ఆ సప్పుడు తోటే."

ముసలామె కోడలి వైపు చూసింది. మంచం అంచున ఉన్న దుప్పటి మడతపెట్టసాగింది.

ప్రభాకర్ లేచాడు. "ఇన్నేండ్లకు ఇప్పుడొచ్చి చెప్తే ఏం ఫాయిదా శంకరన్నా? బండి అమ్ముకుంటిమి. ఆమె నౌకరి ఆగమాయె."

"నీకేం ఫాయిదా లేదు" అంది సుజాత. అది ఆయనతో అంది. "నాకుంది."

తర్వాత నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "రెండుల పెట్టిన్నని నాకు యాదికుండె అన్నా. మా ఆయనకు చెప్తే, ఖరాబు చేసి మల్ల కథలు చెప్తున్నవా అన్నడు. ఇగ నేనే మరిసిపోయిన. మీరు చూసిండ్రు. అప్పుడు ఒక్క మాట అనకపోతిరి."

ప్రభాకర్ తల దించుకున్నాడు.

"ఆ బటన్ సంగతి మీకు ఎరుక లేకుండెనా?"

"లేకుండె సిస్టర్."

"ఎరుక లేదు అని ఆ పొద్దే అంటే నేను ఇంకెవర్నన్న అడుగుదును గద."

అవునన్నాను.

"ఎంతమందికి చెప్పిండ్రు నా కథ?"

లెక్క లేదన్నాను.

"లెక్క లేకపోతే రాయుండ్రి. మీ తాన నేర్చుకున్నోళ్లకు, నేర్పేటోళ్లకు అందరికి ముట్టేటట్టు. నా పేరు పెట్టే రాయుండ్రి. సిస్టర్ సిస్టర్ అని నవ్విండ్రు గద, పేరు గూడ తెల్వనీయండ్రి."

సరే అన్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"రేపు డ్రెస్సింగ్ ఉంది మీది. మానకుండ్రి, కాలు పోతది. పుండు మానేదాంక నేనే చేస్త. అటెన్క నాకు కనవడకుండ్రి."

మరునాడు పోయాను. తర్వాత కూడా పోతున్నాను. ఆమె చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా ఉంటుంది, కట్టు బిగుతుగా కడుతుంది, షుగర్ ఎంతుందో అడిగి చీటీ మీద రాస్తుంది. అంతకు మించి మాట లేదు. అన్నా అనడం మానేసింది. మళ్లీ కారు నడుపుతుందో లేదో నేను అడగలేదు. పుండు దాదాపు మానింది. ఇంకొక్క కట్టు చాలని డాక్టర్ అన్నాడు.